చిటికెడు తక్కువ

ఉదయరాగం అలముకున్న ఆ వేళ గరళకనుమ చూడముచ్చటగా ఉంది. కానీ చూసి ముచ్చటపడే తీరిక అక్కడ ఎవరికీ లేదు. కనుమకు ఈవల నెమలికంఠం రంగు రాళ్ళు, ఆవల నిప్పుకణికల రంగు రాళ్ళు. నడుమ ఎంత తొంగిచూసినా అడుగు కనపడని లోయ, అందులో నురగలు కక్కుతూ పారే విషవాహిని. ఆవలి గట్టున, మేఘాలను మొలనూలులా చుట్టుకుని నిలిచింది అస్థిదుర్గం. దాని ఏలిక మాంత్రికుడు కంకాళపాదుడు. అతని బలంలో సగం ఎక్కడుందో రత్నకూట రాజ్యంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అతడు పెంచుకున్న రెండు తలల గండభేరుండంలో ఉంది. ఆ పక్షి మెడలు రెండూ కలిసేచోట కోడిగుడ్డంత నీలమణి ఒకటి మెరుస్తుంది. అది పగిలితే పక్షి రాయిగా మారిపోతుంది.

లోయ నడుమ ఒంటిస్తంభంలా లేచిన బండ మీద యువరాజు చిత్రభానుడు ఎర్ర తలపాగా కట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్షిని రప్పించడానికి తానే ఎరగా నిలుస్తానని పట్టుబట్టింది అతడే. తుపాకిమందు వాసన తగిలితే గండభేరుండం దరిదాపులకు రాదు. అందుకే ఈవలి గట్టున, చాలా దూరంగా, గాలికి ఎదురుగా ఒక పొద వెనుక దళవాయి కొమరభద్రుడు మోకాలు నేలకు ఆనించి కూర్చున్నాడు. అతడి భుజానికి ఆనింది 'ఏకపిడుగు' అనే నిలువెత్తు తుపాకి. నిండు తూటా పడితే దాని గుండు ఆ బండను దాటి పోగలదు. రత్నకూటంలో అంత దూరం గురి చూడగలవాడు భద్రుడొక్కడే. ఆ మాట లోకమూ అంటుంది, భద్రుడూ అంటాడు. నిజం చెప్పాలంటే లోకం కంటే భద్రుడే ఎక్కువసార్లు అంటాడు.

అతడి పక్కనే నిప్పు ఒత్తి పట్టుకుని ఉన్న కుర్ర సిపాయి నిజానికి సిపాయి కాదు. రాజుగారి మందుశాల అధికారి బుక్కన్న కూతురు నాగమల్లి. తండ్రి చేసిన మందు వెంట తాను ఉండాలని మగవేషం వేసుకుని వచ్చింది; ఆ సంగతి భద్రుడికి ఒక్కడికే తెలుసు. మందుశాల గుర్తుగా తండ్రి ఇచ్చిన కొలత కొమ్ము ఆమె మెడలో వేలాడుతోంది.

ఆకాశం నల్లబడింది. పర్వతం లాంటి రెక్కలు విప్పుకుని గండభేరుండం దిగింది. యువరాజు కదలలేదు. పక్షి గోళ్ళు చాచి మెడలు వెనక్కి విరిచింది. నీలమణి తళుక్కుమంది.

భద్రుడు పేల్చాడు.

గురి తప్పలేదు. చెయ్యి వణకలేదు. కానీ గుండు, విసిరిన రేగుపండులా, సగం దారి దాటాక వంగిపోయి పక్షికి చాలా కిందుగా వెళ్ళి నీళ్ళలో పడింది.

"భద్రా! మరొకటి!" అని అరిచాడు యువరాజు. ఆ గొంతులో భయం లేదు, నమ్మకం ఉంది. మోతకు బెదిరిన పక్షి ఒక చుట్టు తిరిగి దిగేలోపు భద్రుడు రెండో తూటా కొరికి గొట్టంలో పోసి, కర్రతో దట్టించి మళ్ళీ పేల్చాడు. అది మొదటిదాని కంటే ముందే వంగింది. పక్షి యువరాజును గోళ్ళలో ఇరికించుకుని లేచింది. ఎర్ర తలపాగా విడివడి గాలిలో తేలుతూ లోయలోకి దిగిపోయింది.

అస్థిదుర్గం మీది నుంచి కొండలు ప్రతిధ్వనించేలా కంకాళపాదుడి గొంతు వినిపించింది. "రత్నకూటం పిచ్చుకల్లారా! నేను యోగనిద్రకు పోతున్నాను. సూర్యబింబం పడమటి కొండను తాకేసరికి లేస్తాను. లేవగానే మీ యువరాజు తల నా పక్షికి విందు!"

పొగ తేలిపోయింది. భద్రుడు ఇంకా తుపాకి దించలేదు. గుండ్లు ఎందుకు అందలేదో ఈ భూమ్మీద అతడొక్కడికే తెలుసు. ఆ ఎరుక అతడి ఒళ్ళంతా కుంపటిలా కాలుస్తోంది.

రత్నకూటంలో తూటాలు కట్టేది కోటలో కాదు, ఇళ్ళలో. రాజుగారి మందుశాల నుంచి ప్రతి సిపాయి ఇంటికీ మందు వస్తుంది. ఇంటి పెద్దావిడ తలస్నానం చేసి, కొమ్ము నిండా పోసి, అంచుకు సమంగా తలకొట్టి కొలిచి, కాగితంలో గుండుతో పాటు చుట్టి, ఎర్ర దారంతో ముడివేస్తుంది. ఏ ఇంటి ముడి ఆ ఇంటిదే. ముడి చూస్తే ఇల్లు తెలుస్తుంది. అన్నీ కట్టాక కొమ్ము అడుగున మిగిలిన చిటికెడు మందు కోటమ్మ తల్లి జాతరకు తీసిపెడతారు. ఆ చిటికెళ్ళతో ఒక్కో ఇల్లు ఒక్కో చిన్న చిచ్చుబుడ్డి చేసి తల్లి ముందు వెలిగిస్తుంది.

చిన్న చిచ్చుబుడ్డి! దళవాయి ఇంటికి చిన్నదా? ఈ ఏడు జాతరకు ముందు తన తల్లి గుడికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, భద్రుడు ఆమె కట్టిన తూటాల బుట్ట ముందు కూర్చున్నాడు. ఒక ముడి విప్పాడు. చిటికెడు మందు తీశాడు. చిన్నప్పటి నుంచి చూసిన ముడే కనుక అచ్చం అలాగే మళ్ళీ వేశాడు. ఇంకొకటి విప్పాడు. మొదట రెండు వేళ్ళతో తీసినవాడు, పోను పోను మూడు వేళ్ళతో తీశాడు. మైదానంలో ఆ తూటాలను పరీక్షించి కూడా చూశాడు. అక్కడి గురిచెక్క దగ్గరలోనే ఉంటుంది కనుక గుండు శుభ్రంగా తగిలింది. చిటికెడుతో ఏమవుతుందిలే అనుకున్నాడు.

జాతరనాడు కొమరభద్రుడి చిచ్చుబుడ్డి గోపురం ఎత్తు పూసింది. జనం కేకలకు చెవులు చిల్లులు పడ్డాయి. యువరాజు స్వయంగా వంగి అతడి ఎడమ కాలికి గండపెండేరం తొడిగాడు.

ఆ గండపెండేరం ఇప్పుడు అతడి కాలికే ఉంది. కాలు కదిపితే చాలు, గలగలమంటోంది.

"దొరా!"

భద్రుడు ఉలిక్కిపడ్డాడు. నాగమల్లి అతడి కాళ్ళ మీద పడి ఉంది. తలపాగా జారి జుట్టు దుమ్ములో పొర్లుతోంది.

"మా నాయన మందు మోసం చేసింది దొరా. మీ గురిలో లోపం లేదు, నా కళ్ళతో చూశాను. మందే చచ్చుది. ఎట్లా జరిగిందో తల్లి మీద ఒట్టు, నాకు తెలీదు. మా నాయన అట్లాంటివాడు కాదు. ముసలాడైపోయాడు, ఎక్కడో పొరపాటు చేసుంటాడు."

భద్రుడి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. రత్నకూటంలో శాసనం ఒకటుంది: యుద్ధంలో మందు మాట తప్పితే మందుశాల అధికారి కుడిచేయి మణికట్టు దాకా తీసేస్తారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"చెయ్యి తియ్యొద్దని అడగను దొరా," అంది నాగమల్లి వెక్కుతూ. "శాసనం శాసనమే. రాజుగారికి చెప్పేటప్పుడు మాత్రం, కావాలని చెయ్యలేదని ఒక్క మాట అనండి. మీరంటే ఆయన నమ్ముతారు."

ఇక్కడ ఒక్క మాట చాలు. 'తప్పు నాదమ్మా' అంటే సరిపోయేది. ఆ మాట భద్రుడి గొంతు దాకా వచ్చింది. వచ్చి, అక్కడే చతికిలబడింది.

"లే, లే," అన్నాడు అతడు ఎటో చూస్తూ. "అవన్నీ తరవాత చూద్దాం. ముందు యువరాజును విడిపించాలి."

"మీది పెద్ద మనసు దొరా," అని కళ్ళు తుడుచుకుంది నాగమల్లి.

సిగ్గు అనేది మనిషిని నిలువునా తినేస్తుందని పెద్దలు చెబితే భద్రుడు ఇన్నాళ్ళూ నవ్వేవాడు. ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తూటాల సంచి భుజాన వేసుకున్నాడు.

కనుమ దాటడానికి ఉన్నది ఒకటే దారి, తీగల వంతెన. అది తాళ్ళతో కట్టింది కాదు. ప్రాణమున్న బిగితీగ అటూ ఇటూ అల్లుకుని తనంత తాను కట్టుకున్న వంతెన. జంకు లేకుండా పరుగెత్తేవాడిని అది ఏమీ చేయదు. అడుగు తడబడిందంటే మాత్రం కాలు పట్టేస్తుంది.

"ఆగకుండా రండి," అని చెప్పి నాగమల్లి ఉడుతలా ఉరికింది. వెనుక భద్రుడు పరుగెత్తాడు. కింద విషవాహిని బుసలు కొడుతోంది. తుపాకి వీపున ఊగుతోంది. గలగల, గలగల మోగుతోంది గండపెండేరం. సగం దూరం వచ్చాక లోయలో ఒక రాతికి చిక్కుకుని రెపరెపలాడుతున్న ఎర్ర తలపాగా అతడి కంట పడింది. అడుగు తడబడింది.

అంతే! తీగ చివ్వున లేచి గండపెండేరానికి చుట్టుకుంది. భద్రుడు బోర్లా పడ్డాడు. మరో తీగ నడుముకు, మరొకటి మెడకు చుట్టుకున్నాయి. మొల్లోని బాకు అందడం లేదు. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ముందు వెళ్ళిన నాగమల్లి గిరుక్కున వెనక్కి తిరిగింది. నిలబడితే ఆమెనూ పడుతుంది కనుక, ఉన్నచోటనే గంతులు వేస్తూ వచ్చి, కత్తితో మెడ మీది తీగ కోసి, నడుము మీది తీగ కోసి, కాలి తీగ మీద ఒక్క వేటు వేసింది. ఇద్దరూ పడుతూ లేస్తూ ఆవలి గట్టున వచ్చి పడ్డారు. వెనుక వంతెన కోపంతో మెలికలు తిరుగుతోంది.

"ముందు ఆ అందె తీసెయ్యండి దొరా," అంది ఆమె రొప్పుతూ. "కోట వాకిట్లో గలగలమంటే ఇద్దరి తలలూ పోతాయి."

భద్రుడు గండపెండేరం విప్పి తూటాల సంచి అడుగున పడేశాడు. అది విప్పినందుకు అతడికి కాలు తేలికపడింది గాని మనసు తేలికపడలేదు.

వాళ్ళు కొండెక్కి చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. అస్థిదుర్గం వాకిలి ఏనుగు దంతాలతో, తిమింగలం పక్కటెముకలతో కట్టింది. కమాను పొడవునా ఎముకల చిరుగంటలు వేలాడుతున్నాయి. పగడాల గడపకు అడ్డంగా, కాళ్ళు బారజాపి, కావలివాడు ఘటోదరుడు కూర్చుని ఉన్నాడు. అతడి పొట్ట గాదెలా ఉంది, నోరు గాదె తలుపులా ఉంది. పొద వెనుక ఇద్దరూ వేషాలు మార్చారు. ముఖాలకు మసి పూసుకున్నారు. తుపాకికి పాతగుడ్డలు, రంగు కాగితాలు చుట్టి బాణసంచా కట్టే గడకర్రలా తయారుచేశారు.

"ఎవర్రా మీరు?" అని ఉరిమాడు ఘటోదరుడు.

"బాణసంచా వాళ్ళం బాబయ్యా," అంది నాగమల్లి మగగొంతుతో. "మాంత్రికుల వారింట సాయంకాలం విందని విని వచ్చాం. మా అన్న చిచ్చుబుడ్డి వెలిగిస్తే నక్షత్రాలు సిగ్గుపడతాయి."

ఘటోదరుడి కళ్ళు పళ్ళాలంత అయ్యాయి. "నిజంగానా? నేను చిచ్చుబుడ్డి చూసి వందేళ్ళయింది! ఇక్కడే ఒకటి వెలిగించండి. బాగుంటే లోపలికి, బాగాలేకపోతే నా పొట్టలోకి."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నాగమల్లి సంచిలోంచి తూటా తీసింది. ముడి విప్పి, అలవాటు కొద్దీ మందును తన కొలత కొమ్ములో ఒంపింది. కొమ్ము నిండలేదు. కాగితం దులిపింది. అయినా నిండలేదు. అంచుకు కింద వేలెడు వెలితి ఉంది. ఆమె కొమ్ము వంకా, విప్పిన ఎర్ర ముడి వంకా, చివరికి భద్రుడి వంకా చూసింది. ఘటోదరుడు చూస్తుండగా ఆ మందును భద్రుడికి అందించింది.

భద్రుడు ఆ మందుతోనే మట్టిమూకుడులో చిచ్చుబుడ్డి కూర్చాడు. ఈ విద్యలో మాత్రం అతడి చెయ్యి తిరుగులేనిది. బంగారు చెట్టు పూసినట్టు మెరుపులు లేచి ఎముకల కమానును వెలుగుతో ముంచెత్తాయి. ఘటోదరుడు పొట్ట చరుచుకుంటూ "భళా! భళా!" అని ఎగిరాడు. జాతరలో జనం అరిచినట్టే అరిచాడు. భద్రుడికి తల కొట్టేసినట్టయింది. చెవులు మూసుకోవాలనిపించింది.

"పోండి, పోండి! పైకి పోండి! సాయంత్రం దీనికి పదింతలు ఉండాలి!" అని ఘటోదరుడు దారి ఇచ్చాడు.

లోపల చీకటి మెట్లదారి చుట్టలు చుట్టుకుంటూ పైకి పోతోంది. కాస్త పైకెక్కగానే నాగమల్లి ఆగింది.

"దొరా, ఈ ముడి ఎవరింటిది?"

"మాదే," అన్నాడు భద్రుడు.

"మందు చచ్చుది కాదు. ఇప్పుడే చూశాం, ఎంత చక్కగా పూసిందో. తూటాలో కొలత తక్కువ. ఎవరు కట్టారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె అడగని దానికి కూడా భద్రుడు జవాబు చెప్పేశాడు. "మా అమ్మ కట్టింది. ఈ మధ్య ఆవిడకు చూపు ఆనడం లేదు. అందుకే... ఎప్పుడైనా అలా..."

మాట నోరు దాటగానే తన నాలుక తానే కొరుక్కోవాలనిపించింది. అతడి తల్లి సూదిలో దారం ఇప్పటికీ ఒక్కసారికే ఎక్కిస్తుంది.

నాగమల్లి ముఖంలో వెలుగు వచ్చింది, వెంటనే పోయింది. తండ్రి తప్పు లేదన్న సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. శాసనం తూటా కట్టిన ఇంటిని కూడా వదలదు. కట్టినావిడ తల గొరిగి, ఊరి పొలిమేర దాటిస్తారు.

"అయ్యో, పెద్దమ్మా!" అంది ఆమె. "ఆ వయసులో ఆవిడ ఎక్కడికి పోతుంది? దొరా, ఒక పని చేద్దాం. లోయ తేమకు మందు చెమ్మగిల్లిందని ఇద్దరం ఒకే మాట చెబుదాం. అప్పుడు మా నాయన చెయ్యీ ఉంటుంది, మీ అమ్మ జుట్టూ ఉంటుంది. నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు గానీ, దీనికి ఆడతాను."

భద్రుడు గోడకు ఆనుకున్నాడు. ఉదయం ఆమె చేత కాళ్ళు పట్టించుకున్నాడు. ఇప్పుడు ఆమె చేత అబద్ధం ఆడించబోతున్నాడు. కన్నతల్లిని గుడ్డిదాన్ని చేశాడు. ఒక చిచ్చుబుడ్డి కోసం ఇంకా ఎన్ని చేయాలో!

"పద, పొద్దు వాలుతోంది," అన్నాడు మెట్లెక్కుతూ.

మెట్లు ముగిశాయి. పైన విశాలమైన ఎముకల మేడ. దూరంగా ఆ చివర, నల్లరాతి పీఠానికి యువరాజు చిత్రభానుడిని గొలుసులతో కట్టేశారు. అతడి వెనుక ఎత్తయిన బురుజు మీద గండభేరుండం పడమటి కొండ వైపు చూస్తూ కూర్చుని ఉంది. మెడలు రెండూ వంచి ఉన్నాయి. మణి కనబడటం లేదు. పీఠానికి పక్కన కంకాళపాదుడు పులితోలు మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఈ చివర విందు కోసం పేర్చిన భేరీలు గుట్టగా ఉన్నాయి. ఇద్దరూ వాటి వెనుక దాగారు. గాలి పక్షి మీదుగా తమ వైపే వీస్తోంది కాబట్టి మందు వాసన దానికి అందదు. కానీ దూరం? పొద్దున కనుమ దగ్గర ఎంత ఉందో, ఇక్కడా అంతే ఉంది.

"సూర్యుడు కొండను తాకగానే అది మెడలెత్తి కూస్తుంది," అని గుసగుసలాడింది నాగమల్లి. "ఆ ఒక్క క్షణమే మణి కనబడేది. కొలత సరిగ్గా ఉండాలి. తక్కువైతే అందదు. రెండు తూటాలు గుమ్మరించి ఎక్కువ చేస్తే గొట్టం పగిలి మీ ముఖమే పోతుంది. ఉండండి, కొమ్ముతో కొలుస్తాను. పెద్దమ్మకు చూపు లేదన్నారుగా, ఏదో ఒకదాంట్లో ఎక్కువే పడి ఉంటుంది."

ఒక తూటా విప్పింది. తక్కువ. మరొకటి విప్పింది. తక్కువ. మరొకటి. ఇంకొకటి. ఆమె చేతులు నెమ్మదించాయి. చివరికి ఆగిపోయాయి.

"చూపు ఆననివాళ్ళు ఒకసారి తక్కువ పోస్తారు, ఒకసారి ఎక్కువ పోస్తారు," అంది ఆమె తల ఎత్తకుండా. "ఇవన్నీ తక్కువే. ఒక్కటి కూడా ఎక్కువ లేదు."

పడమటి కొండకూ సూర్యుడికీ నడుమ జానెడు ఆకాశం మిగిలింది.

"మా అమ్మ కళ్ళు బాగానే ఉన్నాయి," అన్నాడు భద్రుడు. ఆ గొంతు అతడికే కొత్తగా వినిపించింది. "ఆవిడ సరిగ్గానే కట్టింది. విప్పి తీసింది నేను. జాతరలో వెలిగించడానికి."

నాగమల్లి చేతిలోని తూటా కాగితాన్ని మడిచి నేల మీద పెట్టింది.  

"ఆ చిచ్చుబుడ్డికి నేను కూడా చప్పట్లు కొట్టాను," అంది ఆమె. "మా నాయనను భుజాల మీద ఎత్తుకుని చూపించాను, చూడు నాయనా నీ మందు ఎంత బాగా పూసిందో అని."

"నాగమల్లీ..."

"పొద్దున మీ కాళ్ళు పట్టుకున్నాను." ఆమె మెడలోని కొమ్ము తాడు తెంచి అతడి చేతిలో పెట్టింది. "ఇదిగో. మీరే పొయ్యండి. నా కళ్ళ ముందు."

ఆడలేక మద్దెల ఓడు అనడానికి ఇప్పుడు మద్దెల కూడా మిగల్లేదు. భద్రుడు కొమ్ము పట్టుకున్నాడు. విప్పిన కాగితాలు ఒక్కొక్కటే దగ్గరకు జరుపుకున్నాడు. విప్పిన తూటాల మందు కొంచెం కొంచెంగా ఒంపాడు. కొమ్ము నిండింది. అంచు దాటి కుప్పగా లేచింది. నాగమల్లి చూపుడువేలితో తలకొట్టి పక్కకు దులిపింది.

"ఇదీ కొలత," అంది. 

మందు గొట్టంలో పడింది. గుండు దిగింది. కర్ర దట్టించింది. సూర్యబింబం కొండ కొమ్మును తాకింది. బురుజు మీద పక్షి రెండు తలలూ ఎత్తి, మేడ దద్దరిల్లేలా కూసింది. కంకాళపాదుడి కనురెప్పలు అదిరాయి. నీలమణి సంజెవెలుగులో భగ్గుమంది.

ఏకపిడుగు గర్జించింది.

ఈసారి గుండు వంగలేదు. గీత గీసినట్టు పోయింది. మణి వేయి ముక్కలై ఆకాశంలో చెల్లాచెదురయింది. గండభేరుండం కూత సగంలో ఆగింది. రెక్కల కొసల నుంచి మెడల దాకా బూడిదరంగు రాయి పాకింది. రాతిపక్షి బురుజు మీద నుంచి ఒరిగి, పీఠం అంచును పగలగొట్టుకుంటూ, గొలుసులను తునాతునకలు చేసుకుంటూ లోయలోకి దొర్లిపోయింది. యువరాజు ఒక్క దొర్లు దొర్లి పక్కకు తప్పుకున్నాడు. లేచి, గొలుసు ముక్కలు ఈడ్చుకుంటూ, నవ్వుతూ పరుగెత్తుకొచ్చి భద్రుడిని కావలించుకున్నాడు.

"నాకు తెలుసు భద్రా! నీ చేతిలో తుపాకి తప్పదని నాకు తెలుసు! పొద్దున నిన్ను మోసం చేసింది ఆ మందు. ఆ ముసలి బుక్కన్న పని పడతాను. కోటకు చేరగానే వాడి చెయ్యి నరికించకపోతే నా పేరు చిత్రభానుడు కాదు!"

నాగమల్లి తలపాగా తీసేసి, ముఖం మీది మసి తుడుచుకుంది. భద్రుడి వంక చూడలేదు. ఖాళీ కొమ్మును తిరిగి తీసుకుని, దానిలోకి చూస్తూ నిలబడింది.

ఆ చూడకపోవడమే భద్రుడికి చాలింది. యువరాజు కౌగిలి విడిపించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచేయి చాచాడు.

"నరకాల్సిన చెయ్యి ఇది యువరాజా. బుక్కన్న మందులో లోపం లేదు. మా అమ్మ కొలతలో లోపం లేదు. కట్టిన తూటాలు విప్పి, ఒక్కోదాంట్లో చిటికెడు మందు దొంగిలించింది నేను."

యువరాజు నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. "ఎందుకు?"

"జాతర చిచ్చుబుడ్డి కోసం."

"ఆ చిచ్చుబుడ్డి కోసమా?" చిత్రభానుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేను నీ కాళ్ళ దగ్గర వంగి గండపెండేరం తొడిగింది దానికేనా? పొద్దున ఆ బండ మీద నిలబడి నేను నమ్మింది ఆ తూటాలనేనా?"

భద్రుడు తల వంచుకున్నాడు.  చెప్పాల్సిన మాట చెప్పేశాక సిగ్గు తగ్గుతుందని ఎవరన్నారో గాని, వాళ్ళు అబద్ధం చెప్పారు. అది తగ్గలేదు, పడమటి వెలుగంతా తన ముఖం మీదే పడుతున్నట్టుంది.

అంతలో మేడ కదిలింది. పులితోలు మీద కంకాళపాదుడు కళ్ళు తెరిచాడు. ఖాళీ బురుజును చూశాడు. అతడు నోరు తెరిచి అరవలేదు, అరిచింది కోట; అతడి మిగతా సగం బలం అందులోనే ఉంది. గోడల్లోని ఎముకలు ఒక్కొక్కటే కీళ్ళు విరుచుకుంటూ ఊడివచ్చి, ఒకదానికొకటి అతుక్కుని, రాక్షస ఆకారాలై లేవసాగాయి. కింద మెట్లదారిలో ఘటోదరుడి కాళ్ళ చప్పుడు దడదడమంటూ పైకి వస్తోంది. దారి అటూ లేదు, ఇటూ లేదు.

యువరాజు నేల మీది గొలుసు ముక్కను చేతికి చుట్టుకున్నాడు.

"ఆ చెయ్యి ప్రస్తుతానికి నీ దగ్గరే ఉండనీ," అన్నాడు భద్రుడితో. ఆ గొంతులో ఇందాకటి నమ్మకం లేదు. "బతికి కోటకు చేరితే అడుగుతాను. అమ్మాయీ, ఆ కొమ్ము మందుశాలది. బుక్కన్న కూతురివి నువ్వేనా? ఇకమీదట మందు కొలిచేది నువ్వు. వీడు పేలుస్తాడు, అంతే."

"చిత్తం," అంది నాగమల్లి. మిగిలిన తూటాల కోసం సంచి తిరగేసింది. తూటాలతో పాటు గండపెండేరం కూడా కింద పడి గలగలమంటూ దొర్లి, యువరాజు పాదం దగ్గర ఆగింది. ముగ్గురూ దాన్ని చూశారు. ఎవరూ వంగి తీయలేదు.

మొదటి ఎముకల రాక్షసుడు తల ఎత్తాడు. నాగమల్లి మోకాళ్ళ మీద కూర్చుని ఒక తూటా ముడి విప్పింది. భద్రుడు గండపెండేరాన్ని దాటుకుని వచ్చి, ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె కొలిచి పోయడానికి తుపాకి గొట్టం వంచి పట్టుకున్నాడు.